పై వరస నీళ్లు

ముదినేపల్లి సెంటర్లో ఎరువుల కొట్టు మీద, మెట్లెక్కగానే ఎదురయ్యే రెండు గదుల్లో ఈశ్వరప్రసాద్ గారి నీళ్ల లేబొరేటరీ ఉండేది. చేపల చెరువుల రైతులు సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చి ఇచ్చేవారు. ఆ నీళ్లలో ఆక్సిజన్ ఎంతుంది, అమ్మోనియా ఎంతుంది అని పరీక్షచేసి, అంకెలు కంప్యూటర్లో కొట్టి, అచ్చుతీసిన కాగితం వాళ్ల చేతికిచ్చేవారు. పొద్దున పరీక్షలు చేసేదీ, మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చునేదీ ఒక్క మనిషే. ఆమె పేరు స్టెల్లా.

స్టెల్లా పుట్టిల్లు తాడేపల్లిగూడెం. అక్కడే కెమిస్ట్రీతో బీయస్సీ చదివింది. రంగు మారే ఆఖరి చుక్క దగ్గర చెయ్యి ఆపడం ఆమెకి కుదిరినట్టు క్లాసులో ఎవరికీ కుదిరేది కాదు. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేది. కైకలూరు నెల్సన్‌తో పెళ్లయింది. అతను ఏలూరులో స్కూలు టీచరు, కొల్లేరు దాటి వచ్చే బస్సులో పొద్దుపోయాక ఇల్లు చేరేవాడు. ఇంట్లో అత్తగారు జీవరత్నం ఒక్కరే ఉండేవారు. ఊరికే కూర్చోలేక స్టెల్లా ఈ ఉద్యోగంలో చేరింది. చేరిన రెండో ఏడు కెజియా పుట్టింది.

కూతురు పుట్టాక స్టెల్లాకి భయం పట్టుకుంది. పాలగిన్నెలూ ఉగ్గుగిన్నే లేబొరేటరీలో గాజు గొట్టాలు ఉడకబెట్టినట్టు ఉడకబెట్టేది. పిల్ల ఒళ్లు కాస్త వెచ్చగా తగిలితే చాలు, థర్మామీటరు తీసేది. చల్లగా తగిలినా తీసేది.

"నేను ముగ్గుర్ని పెంచానమ్మా," అనేవారు జీవరత్నం. "ఒక్కడికీ టెస్టు చెయ్యలేదు. ఒకడు నీ మొగుడే కదా, వాడికేం తక్కువైంది చెప్పు?"

"కళ్లజోడు వచ్చింది కదండీ అత్తయ్యగారూ."

"అది చదివి తెచ్చుకున్నాడు. నేనివ్వలేదు."

పిల్లని చూసుకోవడంలో అత్తగారికి లోటు పెట్టడానికేం లేదు. ఒక్కటే చిక్కు. సాయంత్రం వేళకి కెజియా తల్లి పాలు తప్ప మరోటి ముట్టేది కాదు. ముదినేపల్లి మీదుగా కైకలూరు వెళ్లే నాలుగు గంటల బస్సు అందితే స్టెల్లా వేళకి ఇంట్లో ఉండేది. అది తప్పితే తర్వాతి బస్సు ఎప్పుడొస్తుందో డ్రైవరుకి కూడా తెలియదు. తప్పిన రోజున వీధి మలుపులోనే పిల్ల ఏడుపు వినపడేది. ఆ ఏడుపు విన్నప్పుడల్లా ఉద్యోగం మానేద్దామని స్టెల్లాకి అనిపించేది. తెల్లారాక, రైతులు సీసాలు పట్టుకుని మెట్లమీద నిలబడి ఉంటారని గుర్తొచ్చి మళ్లీ బయల్దేరేది.

బస్సు తప్పించేది కంప్యూటర్ మౌసు. కింద ఎరువుల కొట్టులోంచి లేచిన దుమ్మంతా పైకొచ్చేది. మౌసు పొట్టలో ఉండే బంతికి ఆ దుమ్ము పట్టి, తెరమీద బాణం ఒకచోట మొరాయించి నిలబడేది. స్టెల్లా బంతి తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టేది. రెండు రిపోర్టులయ్యేసరికి మళ్లీ అదే కథ. ఒకరోజు బాణం కదలక ఆ కోపంలో తెరని పరకాయించి చూస్తే, మెనూలో ప్రతి పనికీ పక్కన చిన్న అక్షరాల్లో ఏదో రాసి ఉంది. సేవ్ పక్కన కంట్రోల్ ఎస్. ప్రింట్ పక్కన కంట్రోల్ పి. ఇన్నాళ్లూ కళ్లెదుటే ఉన్నా ఆమె పట్టించుకోలేదు. మౌసు ముట్టకుండా పని జరిగిపోతుందన్నమాట!

ఆ మర్నాటినుంచి భోజనాల వేళ ఖాళీ షీటొకటి తెరిచి ఒక్కొక్క మీటా నొక్కి చూసేది. లేబొరేటరీలో నేర్చిన పద్ధతే. ఒకసారికి ఒక్కటే మార్చాలి, ఏం జరిగిందో చూడాలి, అప్పుడు రెండోదానికి వెళ్లాలి. కంట్రోలూ సెమికోలనూ కలిపి నొక్కితే ఇవాళ్టి తారీఖు దానంతట అదే పడింది. ఆ రోజు ఆమె నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఇంటికొచ్చాక కెజియాని భుజాన వేసుకుని జోకొడుతూ, పిల్ల వీపు మీదే వేళ్లతో మీటలు వల్లె వేసేది. చిటికెన వేలు కంట్రోలు, చూపుడు వేలు ఎస్సో, డీయో.

"అదేం జోకొట్టడమే, వీణ మీటినట్టుంది," అన్నారు జీవరత్నం.

"దానికి నచ్చింది కదండీ."

పిల్ల నిజంగానే నిద్రపోయేది.

నెల తిరిగేసరికి మౌసు మీద గుడ్డ కప్పి పక్కన పెట్టేసింది. ఈశ్వరప్రసాద్ గారు వచ్చి వెనకాల నిలబడి చూసి, "ఏమ్మా, నీళ్ల రిపోర్టు కొడుతున్నావా, క్రిస్మస్ పాట వాయిస్తున్నావా?" అన్నారు.

"రెండిటికీ వేళ్లు ఒకటేనండి సార్."

నాలుగు గంటల బస్సు తప్పడం మానేసింది. కెజియా సాయంత్రం ఏడుపులు మానేసింది. స్టెల్లా ముఖంలో వెలుగొచ్చింది. ఈశ్వరప్రసాద్ గారు కాగితాలు చదవకుండానే సంతకాలు పెట్టసాగారు. స్టెల్లా చేతిలో తప్పు రాదని ఆయన నమ్మకం.

ఆమె కనిపెట్టిన వాటిలో ఆమెకి బాగా ఇష్టమైంది ఒకటుంది. షీటులో ఒక్కో చెరువుకీ ఒక్కో అడ్డవరస. రైతు పేరు, ఊరు, తారీఖు, తర్వాత పరీక్షల అంకెలు. షిఫ్టూ స్పేసూ కలిపి నొక్కితే కొత్త వరస మొత్తం ఎంపికవుతుంది. కంట్రోలూ డీ నొక్కితే పై వరసలో ఉన్నదంతా మక్కీకి మక్కీ కిందికి దిగిపోతుంది. ఊరొకటే, తారీఖొకటే, చాలా అంకెలు కూడా దగ్గరదగ్గరగానే ఉంటాయి. ఇక తేడా ఉన్నచోట మాత్రం మార్చుకుంటూ పోవడమే. ఆఖర్న, ఏ చెరువులోనైనా అమ్మోనియా ఎక్కువుంటే రైతు కంటికి ఆనేలా ఆ అంకెని కంట్రోల్ బి నొక్కి లావు అక్షరాల్లోకి మార్చేది.

దసరా సెలవులు వెళ్లాక మబ్బులు పట్టి, ఎండ మొహం చూడని రోజులవి. అలాంటి రోజుల్లో చెరువుల రైతులకి దిగులెక్కువ, లేబొరేటరీకి సీసాలెక్కువ. ఆ పొద్దున కెజియాకి ముక్కు కారుతోంది. స్టెల్లా థర్మామీటరు మూడుసార్లు పెట్టి చూసి, నాలుగోసారి పెట్టబోతే అత్తగారు లాక్కుని దాచేశారు. పిల్ల ఊపిరి గురగురమన్నట్టుందా, లేక తనకే అలా వినపడిందా అని మధ్యాహ్నం దాకా ఆలోచిస్తూనే గొట్టాల్లో నీళ్లు పోసింది, మందు చుక్కలు వేసింది, ఏ గొట్టం ఏ రంగుకి తిరిగిందో చూసి చీటీల మీద రాసింది, వచ్చి కీబోర్డు ముందు కూర్చుంది.

మూడు దాటుతుండగా జగ్గారావు వచ్చాడు. మండవల్లి ఇవతల రోడ్డు పక్కన చెరువు కౌలుకి చేస్తున్నాడు. బొచ్చె, శీలావతి చేపలు పెంచుతున్నాడు.

"మా నీళ్లు పాసయ్యాయా అండీ?"

స్టెల్లా కాగితం అందిస్తూ, "ఫస్టు క్లాసండీ," అంది.

"మా పెద్దోడు ఇంతవరకూ తేలేదండి ఆ మాట," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీళ్లు మరీ తేటబడిపోయాయండి. చేపకి లోపల తిండి లేదు. చల్లితే నీళ్లు పచ్చబడి తిండి పుడుతుందని కోడిపెంట దింపించి గట్టున పెట్టాను. కూలీలు ఇవాళ సాయంత్రమే కుదిరారు. చల్లించెయ్యమంటారా?"

స్టెల్లా తెరవైపు ఓసారి చూసింది. "అమ్మోనియా తక్కువే ఉందండీ. చల్లించుకోండి."

నాలుగు గంటల బస్సులో కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. బస్సెక్కాక ఆ రోజు చేసిన పరీక్షలన్నీ మనసులో ఒకసారి తిప్పుకోవడం స్టెల్లాకి అలవాటు, పరీక్ష రాసి వచ్చిన పిల్లలు జవాబులు తిప్పుకున్నట్టు. గొట్టాలు కడగడం గుర్తొచ్చింది. అన్నీ లేత పసుపు. ఒక్కటి మాత్రం బెల్లం పాకంలా ముదురుగా తిరిగి, కడిగితే ఓ పట్టాన వదల్లేదు. అమ్మోనియా గొట్టమది. అంత ముదురు రంగు వచ్చిందంటే అంకె కచ్చితంగా ఎక్కువే. అంకె ఎక్కువైతే తను దాన్ని లావు చేసి ఉండాలి.

ఎడమచేతి వేళ్లు ఒళ్లో బ్యాగు మీద వాటంతట అవే కదిలాయి. చిటికెన వేలు కంట్రోలు మీద, చూపుడు వేలు సాగి బీ మీద. ఆ సాగదీత ఇవాళ ఒక్కసారి కూడా చెయ్యలేదని వేళ్లకి తెలుసు.

ఆ గొట్టం స్టాండులో ఇంకో రైతు వెంకట్రాజు గారి సీసా తర్వాతది. అంటే జగ్గారావుది. పై వరసలోంచి వెంకట్రాజు గారి అంకెలన్నీ దింపి, ఆక్సిజన్ మార్చింది, మిగతావి మార్చింది, పిల్ల ముక్కు గురించి ఆలోచిస్తూ అమ్మోనియా దగ్గర ఆగకుండా దాటిపోయింది. చెరువులో అమ్మోనియా అంత ఉండగా దానిమీద కోడిపెంట పడితే, ఈ మబ్బుకి తెల్లారేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలతాయి. చల్లుకోండని తన నోటితోనే చెప్పింది.

కిటికీలోంచి అప్పటికే చెరువుల గట్లు మొదలయ్యాయి. ఇక్కడ దిగితే ఈ బస్సు పోతుంది. కైకలూరులో కెజియా గుమ్మం వైపు చూస్తుంటుంది, జలుబుతో ఉన్న పిల్ల. దిగకపోతే జగ్గారావు చెరువు పోతుంది.

"ఆపండి! ఏవండీ, కాస్త ఆపండి!"

కండక్టరు తల తిప్పాడు. "ఇక్కడ స్టాపు లేదమ్మా. ఇక్కడ చేపలు తప్ప ఎవరూ ఎక్కరు, దిగరు."

"చేపల పనేనండీ, ఆపండి!"

బస్సు ఆగింది. చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎగదోపి, జారుతున్న గట్టు మీద స్టెల్లా పరుగులాంటి నడక నడిచింది. చెరువులో దోనె మీద ఇద్దరు కూలీలు పెంట బస్తాలు వేసుకుని ఉన్నారు. ఒక మూల అప్పటికే చల్లడం మొదలైంది.

"జగ్గారావు గారూ! చల్లించొద్దండీ! ఆపించండి!"

చెరువు కాపలాకి వేసుకున్న మకాం పాక దగ్గరున్న జగ్గారావు లుంగీ ఎగ్గట్టి ఎదురొచ్చాడు. "ఏమైందండీ? చంటిపిల్ల కులాసాయేనా?"

"పిల్ల కాదండీ, నీళ్లు. మీ నీళ్లు బాగాలేవు."

"ఇందాకే కదండీ ఫస్టు క్లాసన్నారు?"

"తప్పు చెప్పానండీ. ఆ అంకె మీది కాదు, వెంకట్రాజు గారి చెరువుది. మీ వరసలో నేనే మార్చకుండా వదిలేశాను. మీ నీళ్లలో అమ్మోనియా బాగా ఎక్కువుంది. పెంట పడితే ఇంకా పెరుగుతుంది."

జగ్గారావు కూలీలకి చెయ్యెత్తి కేకేశాడు. దోనె ఆగింది. జేబులోంచి కాగితం తీసి మడత విప్పి చూశాడు, స్టెల్లా ముఖం చూశాడు, మళ్లీ కాగితం చూశాడు.

"కంప్యూటర్లోంచి వచ్చింది కదండీ ఇది."

"దానికేం తెలుసండీ, నేను ఏం పెడితే అదే ఇస్తుంది."

పాక ముందు పొయ్యి దగ్గరున్న అతని భార్య వెంకటలక్ష్మి లేచి వచ్చింది. "కాగితం వచ్చేదాకా ఆగాలన్నారు, ఆగాం. కాగితం వచ్చింది. ఇప్పుడు కాగితం వెనకాల మనిషొచ్చింది. ఇంకా ఎవరెవరొస్తారో చెబితే అందరికీ కలిపి ఒకేసారి టీ పెడతాను."

జగ్గారావు నవ్వలేదు. "ఏడాదంతా మాకు కంచంలో పడేది ఈ చెరువే అమ్మా," అన్నాడు. గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా స్టెల్లాకి ఇంత కష్టం అనిపించేది కాదు. "ఏం చెయ్యమంటారు ఇప్పుడు?"

ఆమె చెప్పింది. కాలవ తూము ఎత్తి, ఇంజను వేసి కొత్త నీళ్లు ఎక్కించాలి, అటు చివర పాత నీళ్లు వదలాలి. మేత పెట్టకూడదు. గడకర్రలకి వరసగా కట్టి ఉన్న తౌడు సంచులు, చేపలు చిల్లుల్లోంచి పీల్చుకు తినేవి, అన్నీ విప్పేయాలి. కూలీలు పెంట బస్తాలు గట్టుకి చేర్చి సంచులు విప్పడానికి వెళ్లారు. జగ్గారావు ఇంజను తిప్పాడు. రెండుసార్లు దగ్గి అందుకుంది. గొట్టంలోంచి నీళ్లు తెల్లగా విరుచుకుపడ్డాయి.

అప్పుడు వెంకటలక్ష్మి స్టెల్లాని పరీక్షగా చూసింది. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. స్టెల్లా కొంగు భుజాల చుట్టూ లాక్కుంది.

"అయ్యో తల్లీ," అంది వెంకటలక్ష్మి, ఇందాకటి గొంతు కాదు. మొగుడివైపు తిరిగి, "ఏవండీ, ఇంజను నేను చూస్తాను. ముందు ఈవిణ్ణి బండి మీద కైకలూరులో దింపి రండి," అంది.

"చేపలు..."

"మీరు నిలబడి చూస్తుంటే అవి బాగా ఊపిరి పీల్చుకుంటాయా? వెళ్లండి!"

జగ్గారావు ఆమెని బండి మీద కైకలూరు తీసుకొచ్చాడు. ఇంటి ముందు దింపి, "తెల్లారితే తెలుస్తుందండి," అని మాత్రం అని బండి తిప్పేశాడు.

స్టెల్లా గబగబా గుమ్మంలోకి వెళ్లింది. కెజియా వాకిట్లో గిన్నె బోర్లించి దాని మీద గరిటెతో వాయిస్తోంది. మూతి నిండా గంజి.

"తాగిందా అండీ?"

"ఆకలేస్తే తాగదా? నీ కోసం కాసేపు చూసింది, ఇంక లాభం లేదనుకుంది," అన్నారు జీవరత్నం. "ముక్కు కూడా తగ్గింది. నీ కాళ్లకి ఆ బురదేంటి?"

స్టెల్లా పిల్లని ఎత్తుకుని అలాగే కూలబడి, జరిగిందంతా చెప్పింది. జీవరత్నం నీళ్లు తెచ్చి కాళ్లమీద పోశారు. నెల్సన్ వచ్చాక ముగ్గురూ మోకరించి చేసుకున్న ప్రార్థనలో, వేరే ఊళ్లో వేరేవాళ్ల బొచ్చెలకీ శీలావతులకీ కూడా చోటు దొరికింది.

చేపలు తేలిన చెరువుని బస్సులోంచే పోల్చుకోవచ్చు, పైన గద్దలు తిరుగుతుంటాయి. మర్నాడు మొదటి బస్సులో స్టెల్లా మండవల్లి దాటినప్పటినుంచీ ఆకాశం వైపే చూసింది. మబ్బుంది, గద్దలు లేవు. జగ్గారావు చెరువు వచ్చింది. ఇంజను ఇంకా నడుస్తోంది. గట్టున రెండు కొంగలు ఏ పనీ దొరకనట్టు నిలబడి ఉన్నాయి. పాక ముందు నులకమంచం మీద జగ్గారావు అడ్డంగా పడి నిద్రపోతున్నాడు. చేపలు పోయిన మనిషి అలా నిద్రపోడు. స్టెల్లా కళ్లు తుడుచుకుని కూర్చుంది.

ఈశ్వరప్రసాద్ గారికి తనే వెళ్లి చెప్పింది. ఆయన విని, పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు.

"సంతకం నాదమ్మా. చదవకుండా పెట్టినవాణ్ణి నేను," అన్నారు. "సరే, ఆ మీటల విద్యలన్నీ ఇంక మానెయ్యి. మౌసుతో నెమ్మదిగా కొట్టు."

"మౌసుతో కొట్టినా పై వరస కాపీ చేస్తే ఇదే తప్పు వస్తుందండి సార్. తప్పు మీటల్లో లేదు, నేను ఏది దింపానన్నదాంట్లో ఉంది. ఊరూ, తారీఖూ పై వరసలోంచి తెచ్చుకోవచ్చు. నీళ్లు మాత్రం ఎవరి చెరువు నీళ్లు వాళ్లవే. ఇకనుంచి వరసంతా దింపను. పరీక్షల గళ్లు ఖాళీగా ఉంచుతాను. ఖాళీ ఉంటే కంటికి తెలుస్తుంది కదండీ, నింపలేదని."

ఆయన ఆలోచించి తలూపారు. ఆ రోజునుంచి ఆయన కూడా కళ్లజోడు పెట్టుకుని ప్రతి కాగితం చదివాకే సంతకం పెట్టారు. అంతకుముందు ఆదా అయిన కాలంలో కొంత ఆ చదవడానికి పోయింది. బస్సుకి మాత్రం అడ్డం రాలేదు.

మధ్యాహ్నం జగ్గారావు కొత్త సీసాతో మెట్లెక్కాడు. రాత్రంతా ఇంజను పొగ పీల్చి కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాలుగైదు చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయట, తెల్లవారుజామున మళ్లీ లోపలికి దిగిపోయాయట. స్టెల్లా అతని ఎదురుగానే నీళ్లు గొట్టంలో పోసి, చుక్కలు వేసి, వెలుగుకి ఎత్తి చూపించింది. నిన్నటి పాకం రంగు కాదు, పలచటి టీ రంగు.

"తగ్గిందండీ. ఇంకా రెండు రోజులు నీళ్లు మార్చండి. పెంట జోలికి మాత్రం వెళ్లకండి."

"కొట్టండి మరి," అని స్టూలు లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాడు. "మాది మాత్రం పైనుంచి దింపొద్దు. ఒక్కొక్క అంకే వేలితో కొట్టండి."

స్టెల్లా ఒక అంకె కొట్టి, వేలు పైకెత్తి చూపించి, ఇంకో అంకె కొట్టింది. అతను గొట్టం వైపూ తెర వైపూ మార్చి మార్చి చూశాడు. చుట్టూ సీసాలతో నిలబడ్డ రైతులు కూడా మెడలు సాచారు. అచ్చైన కాగితం అతను పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. ఈశ్వరప్రసాద్ గారు చదివి సంతకం పెట్టాక మళ్లీ తీసుకుని ఇంకోసారి చదివాడు. అప్పుడు సంచిలోంచి రెండో సీసా తీసి బల్లమీద పెట్టాడు.

"ఇదెవరిదండీ?" అంది స్టెల్లా.

"మా బావమరిదిదండి. పక్క చెరువే." జగ్గారావు లేచి లుంగీ సర్దుకుంటూ, రాత్రినుంచి మొదటిసారి నవ్వాడు. "వాడిది మీరెలా కొట్టినా నాకేం అభ్యంతరం లేదు."